హుసేన్‌బీ ఈల

వనపర్తి మొత్తంలో పావురాలు పెంచే ఆడమనిషి హుసేన్‌బీ ఒక్కతే. పెళ్లయిన కొత్తలో మొగుడు అమానుల్లా ఆమెను మిద్దె ఎక్కించి, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేయడం నేర్పాడు. నేర్పినందుకు తర్వాత నాలుక కరుచుకునే ఉంటాడు. నెల తిరక్కముందే పావురాలు అతని ఈలను లెక్కచేయడం మానేసి ఆమె ఈలకే దిగడం మొదలుపెట్టాయి.

అతను పోయాక ఆ ఈల ఎవరి చెవికీ సోకకూడనిది అయిపోయింది.

"మొగడు పోయినామె మిద్దెక్కి సీటీలు కొట్టుడేంది భాబీ? నలుగురిల తల ఎత్తుకోలేకపోతున్న," అన్నాడు మరిది అజీజ్.

గొడవెందుకని ఆమె ఈల మానేసి, రేకు డబ్బాలో జొన్నలు పోసి గలగలలాడించి పిలవసాగింది. అక్కడ తగ్గకుండా ఉండాల్సింది. ఒక మెట్టు దిగితే అజీజ్ ఇంకో మెట్టు దిగమన్నాడు. తిని కూర్చోవడం తప్ప ఏం చేస్తాయి, పావురాలనే తీసేయమన్నాడు.

హుసేన్‌బీకి ఒళ్లు మండింది. "ఆదిలాబాద్ అవతలి ఊర్ల ఇడిసినా నా భూరీ పావురం పొద్దుగూకేలోపల ఇంటికొస్తది. రాకుంటే, అన్నీ నువ్వే పట్కపో," అంది.

అజీజ్ నవ్వాడు. "గంత దూరం బస్సుకే పొద్దంత పడ్తది."

"బస్సు హైదరాబాద్ అంత తిరుక్కుంట పోతది. పిట్ట సీదా వస్తది. గాలిల మూడొందల డెబ్బై కిలోమీటర్లేనట. నీ బిడ్డ ఇక్రానే ఫోన్ల చూసి చెప్పింది."

సొంత బిడ్డ మాట వచ్చేసరికి అజీజ్ నవ్వు సగంలో ఆగింది.

భూరీని అంతకుముందు జడ్చర్ల నుంచి, కామారెడ్డి నుంచి ఎగరేసి అలవాటు చేసింది. అంత దూరం ఎన్నడూ పంపలేదు. పత్తి లారీ నడిపే బాలరాజు దాన్ని బుట్టలో తీసుకెళ్లి, మహారాష్ట్ర హద్దు దగ్గర గుట్టల్లోని చివరి ఊళ్లో తెల్లవారగానే వదిలాడు. "ఒక్క చుట్టు తిరిగి మన దిక్కే మళ్లిందక్కా," అని ఫోన్ చేశాడు.

మధ్యాహ్నానికే మిద్దె నిండింది. అజీజ్ సాక్ష్యానికి దోస్తులను, పావురాలకు గంపలను వెంటబెట్టుకొచ్చాడు. ఎండ వాలింది. హుసేన్‌బీ పిట్టగోడ దగ్గరే నిలబడి ఉత్తరం దిక్కు చూస్తోంది. గద్ద తన్నుకుపోయిందా, నీళ్లకు దిగి వలలో పడిందా? పంతానికి పోయి పిట్టను చంపుకున్నానా అని మొదటిసారి భయపడింది.

పొద్దుగూకబోతుండగా ఉత్తరాన చుక్కలా కనిపించింది. భూరీయే. వచ్చింది కానీ దిగలేదు. తన మిద్దె మీద ఇంతమంది కొత్త మగాళ్లను చూసి బెదిరి, పైపైనే తిరుగుతోంది. హుసేన్‌బీ డబ్బా ఆడించింది. అంత ఎత్తుకు జొన్నల చప్పుడు ఏం వినపడుతుంది?

"గూటి మీద వాల్తెనే లెక్క," అన్నాడు అజీజ్, గంప మూత తీస్తూ.

ఆమె డబ్బా కింద పెట్టి, కొంగు నడుముకు దోపింది. అందరి ముందూ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. ఇన్నాళ్లు దిగమింగుకున్నదంతా ఆ ఈలలో బయటపడింది. కింద వాడలో నడిచేవాళ్లు ఆగి తలలెత్తారు. భూరీ రెక్కలు ముడిచి, రాయిలా కిందికి వచ్చి గూటి పలక మీద వాలింది.

"గింతమంది ముందట సీటీ కొట్టినవ్ భాబీ," అన్నాడు అజీజ్.

"కొట్టిన. రేపు పొద్దుగాల గూడ కొడ్త. తల ఎత్తుకోలేకుంటే దించుకొనే ఉండు."

అజీజ్ ఖాళీ గంపలతో చివరి మెట్టు దిగకముందే, బయట ఒక్క పిట్టా లేకున్నా, ఆమె ఇంకోసారి ఈల వేసింది.