బావగారి ఆచూకీ

మా చిన్నమామ్మ పాపాయమ్మకి కుళ్ళు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ మాట అనడానికి మా ఇంట్లో ఎవరికీ గుండె చాల్లేదు కాబట్టి ఇప్పుడు అనేస్తున్నాను. ఊళ్ళో అందరిమీదా కాదు. మేడలు కట్టినవాళ్ళని చూసి కూడా "బాగుంది, చల్లగా ఉండనీ" అనేది. ఒక్క మనిషిని చూస్తేనే ఆవిడ కళ్ళు చిన్నవైపోయేవి. ఆ మనిషి తోటికోడలు మంగాయమ్మ, అంటే మా నాన్నని కన్న మా సొంత మామ్మ. పలివెలకి మూడు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో, ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరూ ముప్పై ఏళ్ళకి పైగా మెసిలారు.

కుళ్ళంతా ఒక బొట్టు గురించి.

మా తాత నరసింహమూర్తి నలభై రెండులో మిలిటరీలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. నలభై నాలుగులో ఆయన కనపడటం లేదని తంతి వచ్చింది. అంతే, ఆ తరవాత కబురు లేదు. పన్నెండేళ్ళు చూసి పెద్దలు పురోహితుణ్ణి పిలిపించారు. మనిషి ఆచూకీ లేకపోతే దర్భలతో బొమ్మ చేసి, దాన్ని దహనం చేసి కర్మ జరిపించే పద్ధతి ఉంది కదా, అది చేయిద్దామని. మా మామ్మ ఆ పొద్దున తలంటుకుని, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంది.

"కనపడలేదన్నారు గానీ పోయేరని ఎవరన్నారండీ? చూసినవాళ్ళుంటే పిలవండి" అంది.

చూసినవాళ్ళు ఎవరూ లేరు. పురోహితుడు దర్భకట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆచూకీ లేనివాళ్ళని పోయినవాళ్ళ కింద లెక్కకట్టి సర్కారువారు పంపిన పింఛను కాగితాల మీద కూడా మామ్మ సంతకం పెట్టలేదు, అందులో తాత పేరు ముందు కీర్తిశేషులు అని ఉందని.

చిన్నమామ్మ సంగతి వేరు. ఆవిడ భర్త నలభై ఆరులో టైఫాయిడ్‌తో ఇంట్లోనే, అందరూ చూస్తుండగా పోయాడు. పెద్దకార్యం నాడు కాలవ రేవులో ఆవిడ గాజులు పగలగొట్టి బొట్టు చెరిపేశారు. అప్పటికి ఆవిడకి ఇరవై ఒక్కేళ్ళు. పిల్లలు కూడా లేరు.

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో జరిగింది ఊహించుకోండి. శ్రావణమాసం వస్తే మా మామ్మ కాళ్ళకి పసుపు రాసుకుని పేరంటాలకి వెళ్ళేది. పెళ్ళిళ్ళలో పీటల దగ్గర నిలబడి తలంబ్రాల పళ్ళెం అందించేది. చిన్నమామ్మ అదే పెళ్ళిలో గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ గుండిగలో పప్పు కలిపేది. ఎవరైనా ఊరికి బయల్దేరితే ఎదురు పడకుండా దొడ్డిగుమ్మం వెనక్కి తప్పుకునేది. తప్పుకుంటూ ఊరుకునేది కాదు. "మొగుడు ఎక్కడున్నాడో తెలీదు గానీ బొట్టు మాత్రం ఏటికేడాదీ పెరుగుతోంది" అని మామ్మకి వినపడేలాగే అనేది. మామ్మ జవాబు చెప్పేది కాదు. జవాబు చెప్పకపోవడం చిన్నమామ్మని ఇంకా మండించేది.

నేను అమలాపురం కాలేజీలో డిగ్రీ చదువుతున్నప్పుడు, డెబ్బై ఎనిమిదిలో, ఒక ఆదివారం చిన్నమామ్మ నన్ను దొడ్లోకి పిలిచింది.

"మణీ, నీకు ఇంగ్లీషు వచ్చు కదా. మీ తాత ఏమయ్యేరో కనుక్కోవే. అంత మనిషిని అలా గాలికి వదిలేస్తారా?"

నాకు కళ్ళు చెమర్చాయి. కన్నకొడుకై ఉండి మా నాన్నే పట్టించుకోని సంగతి, ఈవిడ ఎంత అభిమానంగా అడిగిందో అనుకున్నాను. అంత తెలివితక్కువ పిల్లని నేను.

మిలిటరీ వాళ్ళకి ఉత్తరం రాశాను. సిపాయి నంబరు లేనిదే వెతకలేమని జవాబు వచ్చింది. మర్నాడే చిన్నమామ్మ ఒక పాత కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. మామ్మ పేరంటానికి వెళ్ళిన సమయం చూసి పెట్టె తీసిందట. తాత రాసిన కార్డు, పేరు కింద నంబరు కూడా ఉంది. పిల్లాడు నడుస్తున్నాడా, నువ్వు వేళకి తింటున్నావా అని నాలుగు ముక్కలు రాశాడు. నేను చదువుతుంటే చిన్నమామ్మ మొహం ముడుచుకుపోయింది.

"పెట్టెనిండా ఇలాంటివే ఉన్నాయే. మీ చిన్నతాత నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. పక్కగదిలో ఉండేవాడు, ఎందుకు రాస్తాడు?"

అభిమానం సంగతి అప్పుడు నాకు కొంచెం అనుమానం వచ్చింది. అయినా మానలేదు. నాకూ ఆ తాత ఎవరో తెలుసుకోవాలని పట్టుకుంది.

నాలుగు నెలలకి కాగితం వచ్చింది. పంతొమ్మిది వందల నలభై నాలుగు మే నెలలో, కోహిమా వెళ్ళే కొండదారిలో, లారీ మీద గుండు పడి మరణించినట్టు తరవాత నిర్ధారణ అయిందనీ, అక్కడే దహనం చేశారనీ రాశారు. నేను తెలుగులో చెబుతుంటే చిన్నమామ్మ వేళ్ళు మడుస్తూ వింది. విని, "అయితే ముప్పై అయిదేళ్ళయింది" అంది. ఆ గొంతులో దుఃఖం లేదు. బాకీ వసూలైన మనిషి గొంతులా ఉంది.

"నాన్నకి చెప్పనా?" అన్నాను.

"కాగితానికి లొంగే మనిషి కాదు అక్క. చూసినవాళ్ళని పిలవమంది కదా. పిలుద్దాం."

మా తాతతోపాటు ఒకే రోజు చేరిన మనిషి ద్రాక్షారామంలో ఉండేవాడని ఆవిడకి గుర్తుంది. పేరు చిట్టిబాబు. భీమేశ్వరుడి దర్శనమని ఇంట్లో చెప్పి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కణ్ణించి రేవు దాటి కోటిపల్లి, మళ్ళీ బస్సు. దారిపొడుగునా హుషారుగా ఉంది. పడవలో పక్కన కూర్చున్న ముత్తయిదువుని చూసి కూడా మొహం చిట్లించలేదు. ఇంకెన్నాళ్ళు అన్నట్టు నవ్వుకుంటోంది. అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఈవిడ తాతని వెతకడం లేదు, మామ్మ నుదురు ఖాళీ చెయ్యడానికి వెళుతోంది. ఒళ్ళు మండిపోయింది. కానీ గోదావరి మధ్యలో దిగిపోలేను కదా.

చిట్టిబాబుగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. డెబ్బై దగ్గర పడిన మనిషి, ఒక కాలు ఈడుస్తారు. ఎవరమో చెప్పగానే లేవబోయారు.

"మూర్తి పోయినప్పుడు ఆ లారీలోనే ఉన్నానండి. నా కాలు అప్పుడే దెబ్బతింది. వాడు నా మీద ఒరిగి ప్రాణం వదిలేడండి."

"ఆ మాట మా ఇంటికొచ్చి మా అక్కకి చెప్పాలండి. బండి కట్టిస్తాను" అంది చిన్నమామ్మ.

ఆయన వింతగా చూశారు. "ఆవిడకి తెలియకపోవడమేంటండి? యుద్ధం అయ్యేక, కాలు కుదుటపడగానే నేనే వచ్చి చెప్పేను. నలభై ఆరులో. ఆయ్, బాగా గుర్తుందండి. మీ ఇంట్లో చిన్నాయన పెద్దకార్యం జరిగి మూడో రోజు. కాలవ రేవులో బిందె తోముతున్నారావిడ. చెప్పేను. విన్నారు. ఇంకెవరికీ చెప్పొద్దని దణ్ణం పెట్టేరండి. ఆడకూతురు దణ్ణం పెడితే ఏం చెయ్యను?"

చిన్నమామ్మ నన్ను నేరుగా కోటిపల్లి బస్సెక్కించింది. భీమేశ్వరుణ్ణి చూడనేలేదు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు. నాన్న పొలంలో ఉన్నాడు, అమ్మ పుట్టింటికి వెళ్ళింది. మామ్మ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"చిట్టిబాబుగారిని చూసొచ్చేను" అంది చిన్నమామ్మ, కాళ్ళయినా కడుక్కోకుండా.

మామ్మ చెయ్యి ఆగింది. చేతిలో కాయ నీళ్ళ గిన్నెలో వేసింది. "బాగున్నారా?"

"ముప్పై మూడేళ్ళు దొంగబొట్టు పెట్టుకుని నా కళ్ళముందు తిరిగేవు. నన్ను తలుపు వెనక నిలబెట్టి నువ్వు గుమ్మంలో నిలబడ్డావు. సిగ్గనిపించలేదా అక్కా?"

"నీ గాజులు పగలగొడుతుంటే నీ చెయ్యి పట్టుకుంది నేనే కదా పాపాయీ. మూడో రోజుకి చిట్టిబాబుగారు వచ్చి చెప్పేరు. అప్పటికి నీ మణికట్టు మీద గాట్లు మానలేదు. భయమేసింది నాకు."

"నాకు భయం వెయ్యలేదా? నన్నెవరైనా అడిగేరా? మా ఆయన కూడా ఏ యుద్ధంలోనో ఎవరికీ కనపడకుండా పోయుంటే ఎంత బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా? కట్టుకున్నవాడి గురించి అలాంటి మాట అనుకునేలా చేసేవు నన్ను."

మామ్మ తల ఎత్తింది. ఆవిడ గొంతు పెరగడం నేను అంతకు ముందు వినలేదు.

"నీకేనా కుళ్ళు? నాకు లేదనుకున్నావా? నువ్వు మీ ఆయన కాళ్ళమీద పడి ఏడిచేవు. ఊరంతా నిన్ను పట్టుకుని ఏడిచింది. తద్దినం వస్తే ఏడుస్తావు, ఆయన పంచె కనపడితే ఏడుస్తావు. నేను ఇవాళ్టిదాకా ఒక్కసారి ఏడవలేదే. ఏడిస్తే తెలిసిపోద్ది. నువ్వు ముక్కు చీదినప్పుడల్లా నీ నోరు నొక్కెయ్యాలన్నంత మంట నాకు."

తనని చూసి ఒకరు కుళ్ళుకోవడం చిన్నమామ్మకి జీవితంలో అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియలేదు పాపం. వెళ్ళి వంటింటి తలుపు మూసి గడియ పెట్టింది. నన్ను కిటికీ కూడా మూయమంది.

"ఇప్పుడు ఏడు" అంది.

మామ్మకి మొదట చాతకాలేదు. నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. చిన్నమామ్మ ఎదురుగా చతికిలబడి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "మే నెలలోనట. లారీలోనట. ఒక్కరే కాదు, పక్కన స్నేహితుడున్నాడట" అని మెల్లగా చెప్పింది. అప్పుడు వచ్చింది. నేను గోడకి ఆనుకుని చెవులు మూసుకున్నాను.

పక్కింటి కృష్ణవేణిగారు దొడ్డివైపు నుంచి కేకేశారు, ఏమైందండీ అని. చిన్నమామ్మ తలుపు ఓరగా తీసి మొహం మాత్రం బయటపెట్టింది.

"పంటినొప్పండి అక్కకి. లవంగం పెట్టేం, తగ్గుద్ది."

మళ్ళీ గడియ పెట్టింది.

దీపాల వేళకి మామ్మ లేచి మొహం కడుక్కుని, అద్దం ముందు కూర్చుని బొట్టు పెట్టుకుంది. కుంకం ఓ పక్కకి చెరిగింది. చిన్నమామ్మ చూస్తూ నిలబడింది. కుళ్ళుగానే చూస్తోంది, అదేం పోలేదు. "సరిగ్గా పెట్టుకోవడం కూడా రాదు" అని విసుక్కుంటూ వంగి, తన ఉంగరం వేలితో ఆ బొట్టుని గుండ్రంగా సర్దింది. మామ్మ కదలలేదు. ఆ వేలు ఎర్రగా అయింది.

ఆ పూట నాన్న పక్కన కూర్చుని చిన్నమామ్మ కడగని ఆ వేలు మడిచి పెట్టుకుని అన్నం చెంచాతో తింది. ఏమైంది పిన్నీ అని నాన్న అడిగితే, చెయ్యి నొప్పి, తడపకూడదు అంది.