మా వదినకు వారం కరెంటు

నేను ఇబ్రహీంపట్నం, యాచారం మధ్య ఆటో నడుపుతాను. ఆటో హారన్ పాడై చాలాకాలమైనా బాగు చేయించలేదు. నా నోరుండగా హారన్ దండగ అంటారు స్టాండులో. ఏడో తరగతిలో బడి మానేస్తే సార్లు ఒక్కరూ ఎందుకని అడగలేదు, క్లాసు ప్రశాంతంగా ఉందని మురిసిపోయారట. ఇంత వాగే నోట్లో ఒక్క మాట మాత్రం కరోనా కాలం నుంచి మొన్నమొన్నటిదాకా అలాగే ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా వదిన నాకంటే పదేళ్ళు పెద్ద. ఆమె కాపురానికి వచ్చినప్పుడు నేను నిక్కరు వేసుకునేవాణ్ణి. మా ఇద్దరికీ తిట్టుకోనిదే పొద్దు గడవదు. కరోనాకు ముందు ఆమెకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డ వరకు తీసేశారు. ఆ తర్వాత రేడియేషన్ ఇవ్వాలి, మా దగ్గర దాన్ని కరెంటు పెట్టడం అంటారు. అది మొదలుపెట్టే వేళకు లాక్‌డౌన్ వచ్చింది. అన్న లారీతో వేరే రాష్ట్రంలో చిక్కుకుపోయాడు. వదినను సిటీలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళే పని నా మీద పడింది.

మొదటి రోజు ఆమెను స్కానింగ్ గదిలోకి పంపి వరండాలో నిలబడ్డాను. డాక్టరమ్మ వచ్చి, దూరంగానే ఆగి నాతో మాట్లాడింది. రెండు పద్ధతులున్నాయంది. ఒకటి మూడు వారాలు రోజూ వచ్చేది. రెండోది వారంలో అయిపోయేది, రోజూ ఇచ్చే మోతాదు ఎక్కువ. జబ్బు మీద రెండూ ఒకేలా పనిచేస్తాయని, కరోనా కాలంలో ఎక్కువసార్లు రాకపోవడమే మేలని కూడా చెప్పింది. అయితే వారం పద్ధతిలో కొందరికి తర్వాత రొమ్ము కాస్త గట్టిపడొచ్చు, నొప్పి రావొచ్చు అంది. "ఇవన్నీ ఆమెకు చెప్పి, ఆమె ఏమంటుందో రేపు నాకు ఫోన్ చెయ్యి" అంది.

మా ఊళ్ళలో ఒక అలవాటుంది. జబ్బు సంగతి జబ్బు మనిషికి చెప్పరు. వెంట వచ్చినవాడికి చెబుతారు. వాడు ఎంత చెబితే జబ్బు అంత. డాక్టరమ్మ ఆ అలవాటు పాటించలేదు, ఆమెను అడగమంది. పాటించింది నేను.

వదిన బయటికొచ్చి, "ఏమన్నది?" అంది.

"వారం దినాలే కరెంటు అంటున్నది."

"గంతేనా? మా చిన్నమ్మకు నెల దాటంగ పెట్టిరి గదా?"

"కరోనా గదా వదినా. దుకాన్లన్నీ బంద్, గిక్కడొక్కటే ఆఫర్ నడుస్తున్నది."

ఆమె మాస్కులోనే నవ్వింది. నవ్వడంతో అడగాల్సింది మరిచిపోయింది. నాకు కావాల్సిందీ అదే.

మర్నాడు డాక్టరమ్మకు ఫోన్ చేసి, మా వదిన వారమే అన్నదని చెప్పాను. కరెంటు మొదలైన రోజు డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, "వారమే కదమ్మా, మీకు ఇష్టమేనా?" అని. వదిన "మీరెట్లంటే గట్లనే" అంది. డాక్టరమ్మ ఇది వదిన కోరిక అనుకుంది, వదిన ఇది డాక్టరమ్మ ఆజ్ఞ అనుకుంది. మధ్యలో నేను చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాను.

ఎందుకు చేశాను? అప్పుడు మా ఆవిడకు ఏడో నెల. ఆమె కోసమేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. సిటీ దారిలో తుర్కయాంజాల్ దాటగానే ఆటో వెనక్కి తిప్పేయాలనిపించేది. దవాఖాన వరండాలో ఎవరు దగ్గినా నాకే అంటుకుందనిపించేది. స్టాండులో కరోనా మీద అందరికంటే ఎక్కువ జోకులు వేసినవాణ్ణి నేనే, అందరికంటే ఎక్కువ భయపడిందీ నేనే. భయమేస్తోందని చెబితే వదిన తిట్టేది, లేదా ఇంకెవరినైనా వెతుక్కునేది. భయపడ్డందుకు కాదు నాకు సిగ్గు. ఆమె ఒంటి సంగతి ఆమెను అడగకుండా నా భయాన్ని అడిగి తేల్చేశాను.

కరెంటు బాగానే అయింది. ఏడాది తిరిగాక ఆ పక్క రొమ్ము గట్టిపడింది, చెయ్యి పైకెత్తితే గుంజడం మొదలైంది. అది వారం వల్లే వచ్చిందా, మూడు వారాలైనా వచ్చేదేనా? ఎవరూ చెప్పలేరు. ఆ చెప్పలేకపోవడం వెనక ఎన్నాళ్ళు దాక్కున్నానో! వదిన మాత్రం గల్లీలో అందరికీ ఒకటే చెప్పేది. డాక్టరమ్మ కరోనాకు భయపడి తనను తొందరగా వెళ్ళగొట్టిందని. భయపడినవాడు పక్కనే కూర్చుని ఆమె పోసిన చాయ్ తాగేవాడు. ఏటేటా చూపించుకోవాల్సిన పరీక్షలు కూడా మానేసింది. "గామె మొహం నేను చూడ" అనేది. ఇంకో దవాఖానకు పోదామంటే, అందరూ ఒకటే అనేది.

పోయిన నెల ఆమె చంకలో ఏదో గట్టిగా చేతికి తగిలిందట. అన్న బతిమాలాడు, నేనూ బతిమాలాను. రానంది. అంటే నా అబద్ధం ఇంకా పనిచేస్తూనే ఉంది. ఈసారి అది ఆమె ప్రాణానికే అడ్డం పడింది.

అన్న లేనప్పుడు వెళ్ళాను. వదిన వాకిట్లో కూర్చుని గోంగూర తెంపుతోంది. నిలబడే చెప్పాను. డాక్టరమ్మ అన్నదంతా, నేను అన్నదంతా, ఎందుకన్నానో కూడా. ఒక్క జోకూ కలపలేదు. చెప్పడం అయ్యాక నా గుండె తేలికైంది, అబద్ధమెందుకు. కానీ ఆమె చేతులు ఆగిపోయాయి. నేను దించుకున్న బరువు ఎక్కడికెళ్ళిందో కళ్ళముందే కనిపించింది.

అయినా నా నోరు ఊరుకోలేదు. "నిన్ను అడిగినా నువ్వు గూడ వారమే అందువు గదా వదినా?" అన్నాను.

"ఏమో. ఏమందునో గిప్పుడు నాకెట్ల ఎరుకైతది? నన్ను అడిగినోడెవడు?"

గోంగూర కట్ట పక్కన పెట్టి లేచింది. లోపలికి పోతూ గడపలో ఆగింది.

"రేపు పొద్దుగాల ఆటో తీస్కరా. గా డాక్టరమ్మ దగ్గరికే పోదాం. ఆమె నాతోని మాట్లాడేటప్పుడు మాత్రం నువ్వు లోపలికి రాకు. నాకు చెవులున్నయ్."