వద్దు తియ్

కెనడాలో మనవాళ్ళను రెండు విషయాల్లో సలహా అడగకూడదు: వింటర్ టైర్లు ఏవి కొనాలి, ఏ లినక్స్ వేసుకోవాలి. ఎవరికి వాళ్ళు తాము వాడేదే చెబుతారు. ఇంకోటి వాడితే రోడ్డు పక్కన గుంటలో తేలతామంటారు. ఇక్కడ కనాటా అనే ఊళ్ళో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను గుంటలో పడింది ఒక్కసారే. అది టైర్ల వల్ల.

ఆ శీతాకాలం నా పాత లాప్‌టాప్ తెరమీద ఒక సందేశం వచ్చింది. మీ యంత్రానికి వయసైపోయింది, ఇక దీనికి కొత్త అప్‌డేట్లు ఉండవు అని. చాలా మర్యాదగా ఉంది. పనిచేస్తున్న వస్తువును పారేయడం మా ఇంటా వంటా లేదు కనుక దానికి లినక్స్ వేద్దామనుకున్నాను. కంప్యూటర్‌ను నడిపే ఈ సాఫ్ట్‌వేర్ ఉచితమే, కాకపోతే ఒకటి కాదు. పుదీనా పేరు పెట్టుకున్నది ఒకటి, టోపీ పేరుది ఒకటి, నోరు తిరగనివి బోలెడు. ఆఫీసులో పక్క సీటాయన వేగం చూడమన్నాడు. ఇంకొకాయన బ్యాటరీ చూడమన్నాడు. నేను చూసింది వేరు. ఒక్కోదాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, భాష తెలుగుకు మార్చి, ఒక ఖాళీ ఫైలు తయారుచేసి, దాన్ని తీసేయబోయేవాణ్ణి.

"ఏవండీ, శనివారం పొద్దున్నుంచీ ఫైలు చెయ్యడం, చెరపడం. ఆఫీసులో కూడా ఇదే పనా?" అంది మా ఆవిడ.

"అక్కడ చెరపనివ్వరు."

నేను వెతుకుతున్నది ఒక బటన్. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో నా రూమ్మేట్, నేను కలిసి లినక్స్ మెనూలు తెలుగులోకి మార్చేవాళ్ళం. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. వాడిది వరంగల్ పక్క ఊరు, నాది బాపట్ల. వాడు రాసింది నేను సరిచూడాలి, నేను రాసింది వాడు. తెలుగుకు మా ఇద్దరికంటే పెద్ద కమిటీ అప్పట్లో లేదు. కమిటీ ఆదివారం మధ్యాహ్నాలు మెస్సులో చికెన్ తిని వచ్చి, మంచం మీద పడుకుని సమావేశమయ్యేది.

ఫైలు తీసేసే ముందు కంప్యూటర్ ఒకసారి అడుగుతుంది కదా, అక్కడ 'క్యాన్సిల్' అనే బటన్‌కు నేను 'రద్దుచేయి' అని రాశాను.

"గట్లెవడు మాట్లాడతడు బే? మీ ఇంట్ల మీ అమ్మ ఇంకింత అన్నం పెడ్తుంటే రద్దుచేయి అంటవా?"

"అన్నం వేరు, ఫైలు వేరు రా."

"ఏం వేరు లేదు. వద్దు తియ్ అంటం. గంతే."

అదే టైప్ చేశాడు. మర్నాడు ల్యాబులో పరీక్షించడానికి కూర్చున్నాను. 'ఈ ఫైలును తొలగించాలా?' అని వచ్చింది. కింద 'తొలగించు', 'వద్దు తియ్'. నాకు ఆ ఫైలు వద్దు. తియ్యాలి. కనుక రెండోదే నొక్కాను. ఫైలు కదల్లేదు. మళ్ళీ నొక్కాను. కంప్యూటర్ పాడైందని ల్యాబ్ అసిస్టెంట్‌ను పిలవబోతే, పక్కనున్న రూమ్మేట్ కుర్చీలోంచి జారి కిందపడి నవ్వాడు. వాళ్ళ వైపు ఆ 'తియ్'కు తీసేయమని కాదు అర్థం. మా వైపు 'వద్దులే'లో 'లే' ఎంతో, అదీ అంతే. ఫైలు మీద జాలిపడి అనే మాట. కమిటీ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

పెన్‌డ్రైవ్‌లో పుదీనా పేరుది 'రద్దుచేయి' అంది. టోపీది కూడా అంతే. మూడోది సగం ఇంగ్లీషులోకి జారుకుంది. చివరికి ఎవరూ సిఫార్సు చేయని, చూడ్డానికి పాత గోడ క్యాలెండర్‌లా ఉన్న ఒక చిన్న లినక్స్‌లో ఆ బటన్ కనిపించింది. కాసేపు దాన్ని నొక్కకుండా చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసింది. ఆమెది గుంటూరు.

"వద్దంటోంది, తియ్యమంటోంది. ఏం చెయ్యమని?"

"ఇదే నాకు నచ్చింది," అన్నాను.

వేసుకున్నాను. వైఫై అప్పుడప్పుడూ అలిగేది. ప్రింటర్ అసలు మాట్లాడేది కాదు. అయినా కొన్ని నెలలు దాన్నే వాడాను. తర్వాత కొత్త వెర్షన్ వచ్చింది. ఎవరో ఉత్సాహవంతులు తెలుగంతా సరిదిద్దారు. మార్పుల జాబితాలో మా బటన్ పక్కన 'అస్పష్టం' అని రాసి 'రద్దుచేయి' పెట్టారు. వాదిద్దామంటే, నిజంగానే అస్పష్టం.

రూమ్మేట్ ఇప్పుడు కాల్గరీలో ఉంటాడు, ఆయిల్ కంపెనీ ఐటీలో. ఇద్దరం ఒకే దేశంలో ఉన్నామని పాస్‌పోర్టులు చెబుతాయి. పలకరింపులు పండగలకే, అవీ ఫార్వర్డ్ చేసిన దీపాల బొమ్మలు. ఈసారి నేనే కాల్ చేశాను. కార్లో ఉన్నాడు.

"నీ బటన్ తీసేశారు రా."

"ఏం బటన్?"

చెప్పాను. హాస్టలు, చికెన్, ల్యాబులో వాడు పడడం, అన్నీ చెప్పాను.

"గట్ల పెట్టిన్నా నేను? నాకు యాదికే లేదు." నవ్వాడు. "మంచిగనే మార్చిన్రు తియ్. అవునుగని, నువ్వింక లినక్స్ మీదనే ఉన్నవా? కంపెనీ లాప్‌టాప్ ఇయ్యలేదా?"

"ఇచ్చింది."

"మరింకేంది. పాపని స్విమ్మింగ్ కాడ దింపాలె, మళ్ళ చేస్తా."

అన్న మాటలో 'తియ్' ఉందని వాడు గమనించలేదు.

కొత్త వెర్షనే వేసుకున్నాను. ప్రింటర్ మాట్లాడింది. అందులో నోట్సు రాసుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే ఉంది. దాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నాను. ఒక్కణ్ణే కూర్చుంటే పని చకచకా సాగింది. రాసిన ప్రతి మాటా సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది. ఎదుటి మంచం మీంచి ఒకడు "గట్లెవడు మాట్లాడతడు" అననప్పుడు తప్పెక్కడుందో తెలియదు.

'పేస్ట్' బటన్ దగ్గర ఆగాను. 'అతికించు' అంటే గోడమీద పోస్టరు. 'అంటించు' అంటే మా వైపు సగంమంది అగ్గిపెట్టె వెతుకుతారు. ఉత్త 'పెట్టు' అంటే ఏం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? మూడూ రాసి, ఏదంటావు రా అని వాడికి వాట్సాప్‌లో పంపాను.

వారాంతానికి జవాబు వచ్చింది. బొటనవేలి బొమ్మ. మూడింట్లో దేనికో చెప్పలేదు. ఆ బటన్‌ను ఇంగ్లీషులోనే ఉంచాను.