నాయనమ్మ మర్చిపోయిన గోనె

ముసురు పట్టిన రోజు బియ్యం కొట్టు ముందునుంచి వెళ్తే తడిసిన గోనెసంచుల వాసన వస్తుంది. మట్టీ నారా కలిసిన పాత వాసన, అంతకుమించి ఏం లేదు, కానీ అది తగిలితే గొడుగు పట్టుకుని రోడ్డుమీదే నిలబడిపోతాను. నెల్లిమర్ల దగ్గర మా ఊళ్లో, వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ బొట్లుబొట్లుగా నీళ్లు కార్చే గోనె కళ్లముందుకొస్తుంది.

మాది గోగు పండించే ఊరు. నార తీసి అమ్మేశాక మిగిలిన పుల్లలే ఏడాది పొడుగునా మా వంటచెరకు. ఎండిన గోగు పుల్ల కొసన అంటుకున్న మంట రెప్పవాల్చేలోగా పొయ్యి దాటి చేతిదాకా పాకేస్తుంది. అందుకే మా నాయనమ్మ పుల్లలు రెండేసి మాత్రమే ఎగదోసేది, వంటయ్యాక కొసల్ని బూడిదలో గుచ్చి పొగ చచ్చేదాకా కదిలేది కాదు, గారెలకి నూనె కాగుతుంటే నీళ్ల చెంబుని దరిదాపులకి రానిచ్చేది కాదు, అక్క ఓణీ కాస్త జారితే చాలు పట్టకారు చూపించి తిట్టేది. నిప్పుని తేలిగ్గా చూసేవాళ్లని ఆవిడ మనుషుల్లో లెక్కేసేదే కాదు. మంట లేస్తే కప్పడానికి పెట్టిన ఆ గోనెని పూటపూటా తడపడం నా పని.

"ఒసే, గోనె తడిపినావా? ఆరిపోనాదంటే నీ ఈపు మోగిపోతాది" అనేది రోజూ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, శ్రావణంలో, వాన వారం రోజులు విడవలేదు. బయట పుల్లలు నానిపోతున్నాయని అమ్మ రెండు మోపులు తెచ్చి పొయ్యి వెనక గోడకి చేర్చింది. నాయనమ్మ గొణుగుతూనే ఊరుకుంది. ఇంతలో ఊరి పక్క వాగు, మా గెడ్డ, పొంగిందని పిల్లలంతా పరుగులు. వానలో మేమందరం గోనెసంచి ఒక మూలని రెండో మూలలోకి దోపి ముసుగులా తలమీద వేసుకునేవాళ్లం. నాకు వేరే గోనె దొరకలేదు. మేకుకున్నది ఎలాగూ తడిదే కదా, ఇంకాస్త తడిస్తే ఏం పోయిందిలే అనుకుని దాన్నే వేసుకుని ఎర్రనీళ్లు చూడ్డానికి పోయాను.

తిరిగొచ్చేసరికి ఇంట్లో ఏడుపులు. మంట మోపులకి, మోపులనుంచి అక్క ఓణీకి అంటుకుందట. నాయనమ్మ మేకుకేసి చెయ్యి చాపిందట, అక్కడేం లేదు. ఇక అక్కని వాటేసుకుని ఉత్త చేతులతోనే మంట నలిపేసింది. అక్కకి మోచెయ్యి కాలింది. నాయనమ్మకి రెండు అరచేతులూ పోయాయి. భయంతో నేను గోనెని వీధి గుమ్మం దగ్గరే జారవిడిచాను. అది చూసింది అరుగుమీద కూర్చోబెట్టిన నాయనమ్మ ఒక్కర్తే.

"గోనేదే అమ్మా?" అని నాన్న అరిచాడు.

"నానేరా. ఎక్కడో ఎట్టి మర్సిపోనాను" అంది నావైపు చూస్తూ.

పుళ్లు మానాయి గాని వేళ్లు ముడుచుకుపోయాయి. అత్తకి మరుపొచ్చేసింది, నిప్పు దగ్గరికి రానివ్వకూడదని అమ్మ పట్టుబట్టింది. అమ్మ చెడ్డది కాదు, భయపడింది. ఆ తర్వాత బతికిన మూడేళ్లూ నాయనమ్మ అరుగుమీదే కూర్చుని, పొగని బట్టి లోపలి పొయ్యి సంగతి కనిపెట్టి, "ఒలే, నూనె మాడతన్నాది, పుల్ల లాగండే" అని కేకేసేది. ఎవరూ పలికేవారు కాదు. పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెడుతూ ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. మొదట్లో నాన్న కొడతాడని భయం, తర్వాత సిగ్గు. ఆవిడ ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు.

ఆ పొయ్యిని ఎప్పుడో తవ్వి పారేశారు. గోగు వేసేవాళ్లూ తగ్గిపోయారు, ఇప్పటి పిల్లలకి గోగు పుల్ల చూపించినా పోల్చుకోలేరు. పోయిన నెల గరివిడిలో అక్కావాళ్లింటికి వెళ్లాను. వంట ముగిసింది.

"సిలిండరు కట్టేసినావా? మా నాయనమ్మలాగ మర్సిపోకు" అని అక్క కోడలికి చెప్తోంది.

నా నోరు ఆగలేదు. "నాయనమ్మ ఏదీ మర్చిపోలేదే అక్కా. గోనె పట్టుకుపోయింది నేను" అన్నాను.

అక్క మోచేతిమీద మచ్చ రుద్దుకుంది. తిట్టలేదు.

"ముసల్దున్నప్పుడు సెప్పుంటే, అరుగుమీద కాదు, పొయ్యి కాడే పోయేది కదే" అంది.