పెద్దనాయన చెలమ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. నేను ఆత్మకూరులో ఫిజిక్స్ టీచర్ని, పైగా బాప్టిస్టు కుటుంబంలో పుట్టినదాన్ని. క్లాసులో ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే "చూసిందెవరు? నువ్వా, నీకు చెప్పినవాళ్లా?" అని అడిగి నోరు మూయించే రకాన్ని. ఇప్పుడు అదే ప్రశ్న నన్నెవరైనా అడిగితే, చూసింది నేనే అని చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో మా ఆయనకి క్యాంపింగ్ పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఒక టెంటు తెప్పించాడు. మిట్టమధ్యాహ్నం దాన్ని మేడ మీద వేసి, మా అమ్మాయి జెస్సీతో కలిసి అందులో కూర్చుని, ఇద్దరూ చెమటతో ముద్దయి బయటికొచ్చారు. అయినా బుద్ధి రాలేదు. కారులో ముందు శేషాచలం జాతీయ పార్కు, తర్వాత లంకమల, ఆఖరున నల్లమల చూసి, సీతారామపురం, ఉదయగిరి మీదుగా ఇల్లు చేరాలని ప్లాను.

మా నాయన రిటైరైన టీచరు. గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషి. ఆయన్ని మా తమ్ముడింట్లో దింపి వెళ్దామనుకున్నాం. నల్లమల అన్న మాట చెవిన పడగానే "నేనూ వస్తా" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు కాబట్టి కాదనలేకపోయాను.

నాయనది సీతారామపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు ఆయనా, వాళ్లన్న దానియేలూ, అంటే మా పెద్దనాయన, ఊళ్లో ఒక పెద్ద రైతు పశువులు కాసేవాళ్లు. కరువొస్తే మందను పడమటనున్న నల్లమల అడవికి తోలుకుపోయేవాళ్లు. పెద్దనాయన నీటిమడుగులు వెతుక్కుంటూ ముందు నడిచేవాడు. నాయన మందతో వెనక వచ్చేవాడు.

దారిలో తమ్ముడు తాగడానికని పెద్దనాయన ఎండిన వాగు ఇసుకలో చెలమ తవ్వేవాడు. చేతులతో గుంట తీస్తే అడుగున నీళ్లు ఊరతాయి. పక్కన ఒక పచ్చి కానుగ రెమ్మ గుచ్చేవాడు. అది ముందుకు వాలి ఉంటే నా వెనక రా అని. వెనక్కి వాలి ఉంటే, ముందుకు దోవ లేదు, నా కోసం ఆగొద్దు, మందను తిప్పుకుని ఇంటికి పో అని. ఆఖరున తాగినవాడు రెమ్మ పీకి చెలమ పూడ్చాలి, లేకపోతే దూడలు అందులో కాలేసి విరగ్గొట్టుకుంటాయి. ఇదంతా ఆ అన్నదమ్ములిద్దరి మధ్య కట్టుబాటు.

ఒకరోజు రెమ్మ ముందుకు వాలి ఉంది. నాయన ఎంత దూరం పోయినా అన్న కనిపించలేదు. ఊరివాళ్లు వచ్చి అడవంతా గాలించారు. చిరుతో, పామో, ఏమైందో ఎవరికీ తెలియలేదు, మనిషి ఆనవాలు కూడా దొరకలేదు. ఏడుస్తున్న నాయనను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చారు. మళ్లీ పశువుల వెంట పంపడానికి భయపడి మిషన్ హాస్టల్లో చేర్చారు. ఆయన చదువు, ఉద్యోగం, మేమందరం, అక్కణ్నుంచి వచ్చినవే.

"మా అన్న రమ్మన్నాడు, నేను తిరిగొచ్చేసినాను" అనేవాడు నాయన. ఎంతమంది ఎంత సర్దిచెప్పినా ఆ మాట మారలేదు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర వెలిగించడానికి ప్రతి ఏడూ ఒక కొవ్వొత్తి ఎక్కువ తెచ్చేవాడు. పెట్టడానికి సమాధి లేక, దాన్ని జేబులో వేసుకుని తిరిగొచ్చేవాడు.

శేషాచలంలో కోతులు మా బ్రెడ్డంతా ఎత్తుకుపోయాయి. లంకమలలో మా ఆయన టెంటు కట్టడం చూసి పక్క టెంటువాళ్లు జాలిపడి వచ్చి కట్టిపెట్టారు. నాయన మాత్రం రెండు చోట్లా కుర్చీ వేసుకుని కొండలకేసి చూస్తూ కూర్చున్నాడు.

నల్లమలలో అటవీశాఖ చూపించిన చోట దిగాం. మర్నాడు పొద్దున్నే వాచర్ని వెంటబెట్టుకుని, నాయన చెప్పిన గుర్తుల ప్రకారం వెతుక్కుంటూ పెద్దనాయన తప్పిపోయిన వాగు దగ్గరికి చేరాం. నీటిచుక్క లేదు. ఎటు చూసినా తెల్లటి ఇసుక, రెండు వైపులా ఎత్తయిన చెట్లు. ఒడ్డున ఉన్న పెద్ద బండను నాయన చేత్తో తడిమి, "ఇదే" అన్నాడు. ఇంతవరకే పర్మిషన్, ఇక్కణ్నుంచి వెనక్కి తిరగాలన్నాడు వాచర్.

నాయన వినిపించుకోలేదు. వాగులో పైకి నడక మొదలుపెట్టాడు. మోకాళ్ల నొప్పులతో చర్చి మెట్లెక్కలేని మనిషి, మాకు అందకుండా పోతున్నాడు.

"నాయనా, యాడికి పోతుండావు? ఎండ ఎక్కుతుండాది!"

"మా అన్న పోయిన దోవన పోతుండా. మీరు ఇంటికి పోండి" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

మనమందరం కాదు, మేం మాత్రమే ఇంటికి పోవాలట. ఆయన అడవి చూసిపోదామని రాలేదని నాకప్పుడు అర్థమైంది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. మా ఆయన "మామా, మామా" అంటూ వెంటపడ్డాడు. అలాగే మలుపు తిరిగాం.

"తాతా, నీళ్లు!" అని అరిచింది జెస్సీ.

వాగు మధ్యలో చెలమ ఉంది. చేతులతో తీసిన గుండ్రటి గుంట, అంచులింకా తడిగా ఉన్నాయి. నీళ్లు అడుగున ఇసుకరేణువులు కనబడేంత తేటగా ఉన్నాయి. పక్కన కానుగ రెమ్మ గుచ్చి ఉంది. అది మా వైపుకి, అంటే వెనక్కి వాలి ఉంది.

నాకు భయం వేయలేదు, అది నిజం. మొదటిసారి ఊటీ కొండ మీంచి లోయ చూసినప్పుడు కూడా నాకలా అనిపించలేదు. చాలా పెద్దదేదో మా పక్కనుంచి దాటిపోయినట్టు, మేం కాస్త ఆలస్యంగా వచ్చినట్టు అనిపించింది. ఒళ్లంతా పులకరించింది.

అంతలోనే నాలోని టీచరు ఊరుకోలేదు. చుట్టూ చూశాను. ఇసుక మీద మా అడుగులు, ఏవో జింకల గిట్టల గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. తవ్వినవాడి అడుగులు గాలికి చెరిగిపోయాయనుకుందామా, ఆ ఎండలో రెమ్మ వాడిపోయి ఉండాలి. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఇప్పుడే తవ్వారనుకుందామా, అడుగులు కనబడాలి, నీళ్లు బురదగా ఉండాలి. తేనె కోసం వచ్చేవాళ్లెవరైనా తవ్వారా అని వాచర్ని అడిగాను. "ఈ తట్టుకి ఎవురూ రారమ్మా" అన్నాడు.

నాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. దోసిలితో తాగాడు. జెస్సీకి పట్టాడు, మా అందరికీ పట్టాడు. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప తాగని నేను కూడా తాగాను. చల్లగా ఉన్నాయి.

తర్వాత రెమ్మకేసి చాలాసేపు చూశాడు.

"ఇంటికి పొమ్మంటుండాడమ్మా" అన్నాడు నాతో. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు.

కళ్లు తుడుచుకుని రెమ్మ పీకాడు. రెండు చేతులతో ఇసుక తోసి చెలమ పూడ్చడం మొదలుపెట్టాడు. మేం సాయం చేయబోతే వద్దన్నాడు. ఆఖరున మాత్రం, "తలా పిడికెడు వెయ్యండి" అన్నాడు. వేశాం. సమాధి దగ్గర మన్ను వేసేది అలాగే. నాయన తల వంచి లోపల్లోపలే ప్రార్థన చేసుకుని, లేచి, నా భుజం పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"పాండి, పోదాం" అన్నాడు.

ఆ చెలమ ఎవరు తవ్వారో నాకు తెలియదు. రెమ్మను అటు వాల్చాలని ఎవరికి తెలుసో అంతకన్నా తెలియదు. ఎంత ఆలోచించినా రెమ్మ దగ్గరో, అడుగుల దగ్గరో లెక్క ఆగిపోతుంది. మా ఆయనైతే ఆ ఊసెత్తితే చాలు, టెంటు సర్దే పని పెట్టుకుంటాడు.

ఈ ఈస్టర్‌కి కూడా నాయన ఒక కొవ్వొత్తి ఎక్కువ తెచ్చాడు. వాళ్లమ్మ సమాధి మీద, ఆమె కొవ్వొత్తి పక్కనే దాన్ని వెలిగించాడు. ఇంటికొచ్చాక ఉతకడానికి నాయన చొక్కా తీసుకుని, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీగా ఉంది.