గంగిరెద్దుకి కప్పిన దుప్పటి

నిన్న బీరువా సర్దుతుంటే రెండు సైకిల్ చక్రం పుల్లలు దొరికాయి. గుర్తుందా, పాత స్వెటర్లు విప్పేసి, ఆ ఊలుతో ఈ పుల్లల మీదే అల్లేవాళ్ళం?

నాకు పదేళ్ళప్పుడు మా మేనత్త కాన్పుకని నెల్లిమర్లలో మా ఇంటికి వచ్చింది. పుట్టబోయే బిడ్డకని వేసవి సెలవులన్నీ కూర్చుని ఏడు రంగుల పెద్ద దుప్పటి అల్లి ఆమె ఒడిలో పెట్టాను.

"ఏటే ఇది, గంగిరెద్దు బొంతలాగున్నాది!" అని, అప్పుడే వీధిలోకొచ్చిన గంగిరెద్దు మీద కప్పించేసింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను ఏడవలేదు.

ఈ ఏడాది అత్తే ఫోన్ చేసింది. "ఒసే పెద్దమ్మీ, నా మనవరాలికి పుట్టబోయే బిడ్డకి రంగురంగుల దుప్పటి అల్లీయే. సేత్తో అల్లిందే ఇప్పుడు ఫ్యాషనంట."

"అలాగే అత్తా" అన్నాను. రోజూ పూజయ్యాక కూర్చుని రెండు నెలలు అల్లాను. అవే ఏడు రంగులు.

బారసాలకి మాత్రం బిడ్డకి వెండిగిన్నె ఒక్కటే పట్టుకెళ్ళాను. అత్త చుట్టాలందరి ముందూ అడిగింది. "దుప్పటేదే?"

"గంగిరెద్దుకి కప్పేసినాను అత్తా. నేను అల్లినవి దానికే కదా నప్పుతాయి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్త తల దించుకుంది.

రోజూ దీపం పెట్టి, చేసిన తప్పులన్నీ దేవుడికి చెప్పుకుంటాను. ఇది మాత్రం ఇంకా చెప్పుకోలేదు.