ఉక్కును ఉక్కని చెప్పిన సత్తయ్య గారు

నా గురువు సత్తయ్య గారు నిన్న ఉదయం సూరత్ బమ్రోలిలో కరోనాతో కన్నుమూశారన్న వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. మొన్ననే ఫోనులో నాతో మాట్లాడిన గొంతు అది.

కరీంనగర్ వైపు నేత కుటుంబంలో పుట్టి, మరమగ్గాలు నడపడానికి సూరత్ వచ్చి, ఆ రొద పడక పాత కార్ల రేకు పనిలోకి మారిన మహనీయుడాయన. "రంగు సూడకురా నర్సిగా, రేకు తట్టి సూడు" అనేవారు నాతో.

ఆయనను స్మరించాలంటే ఒక అల్పుణ్ణి కూడా స్మరించక తప్పదు. ఇక్కడొక వజ్రాల సేటు ఉన్నాడు. షెడ్డు నిండా ఇటలీ పాత కార్లు, ఒక్కదాన్నీ నడపడు. ఆ దేశపు కార్లలో డీనో 206, డీనో 246 అనే రెండు రకాలు చూపుకు అక్కాచెల్లెళ్లు. ముందు వచ్చిన 206 ఒళ్లంతా అల్యూమినియం. బహు కొద్దిగా తయారైంది కనుక పాత కార్లు సేకరించేవాళ్లు దానికోసం ప్రాణం పెడతారు. తర్వాతి 246 ఒళ్లు ఉక్కు, ఇంజను పెద్దది, ముందు వెనుక చక్రాల ఎడం మూడు వేళ్లు ఎక్కువ. "నడుపుటానికి 246ఏ మంచిది. తక్కువున్నయని 206 ఎనుక పడ్తరు గీళ్లు" అనేవారు సత్తయ్య గారు. సేటుకు మాత్రం తేడా ధరలో తప్ప మరెక్కడా కనిపించేది కాదు.

మొదటి లాక్‌డౌన్ సడలిన కొత్తలో, మగ్గాలు ఆగి మావాళ్లు పస్తులుంటున్న రోజుల్లో, ఒక దళారి 206 అంటూ ఎర్రకారు తెచ్చాడు. సేటు మిత్రబృందాన్ని కూర్చి మమ్మల్నీ రప్పించాడు. ఇంజను సీట్ల వెనుక ఉంటుందని తెలియని ఒక పండితుడు ముందు మూత ఎత్తి వెతికాడు.

దళారి మా గురువు చెవిలో ఊదాడు. "చుప్ రహో, సత్తూభాయ్. ఏక్ సాల్ కా కామ్ తుమ్హారా." నోరెత్తకుంటే ఏడాది పని మాదేనట.

సత్తయ్య గారు కారు తలుపు తట్టారు, అల్యూమినియమే. పైకప్పు తట్టి అయస్కాంతం పెడితే అతుక్కుంది. టేపుతో చక్రాల ఎడం కొలిచారు. తర్వాత తనకు వచ్చిన హిందీలో మెల్లగా చెప్పారు.

"తలుపులు మార్చిన్రు సేట్. ఇది 246. ఉక్కుది."

"రేకు కొట్టేవాడివి, ఈ కారు కాగితాలు చదవడం నీకు వచ్చా?" అన్నాడు సేటు. మిత్రులు నవ్వారు.

"రాదు సేట్. అయస్కాంతం అతుక్కున్నది, గదే చెప్తున్న."

మమ్మల్ని గెంటించి కారు కొన్నాడు. కొన్ని నెలలకు ముంబై నుంచి వచ్చిన నిపుణుడొకడు అదే మాట చెప్పిపోయాడు. సేటు క్షమాపణ కోరలేదు. బయట ఎక్కడా అనవద్దని కబురంపాడు. సత్తయ్య గారు కోపగించలేదు. "కారు తప్పేమున్నది. జర బయట తిప్పుమను, మంచిగ నడుస్తది" అన్నారు.

ఈ ఉదయం సేటు ఫోన్ చేశాడు. పరామర్శ అనుకున్నాను. మరో 206 దొరికిందట. "సత్తూభాయ్ లేడు కదా, నువ్వు రా" అన్నాడు.

"ఆయన జాగల నేను నిలబడలేను సేట్" అని పెట్టేశాను.

ఆనాడు ఆ పైకప్పును నేనూ తట్టాను. ఉక్కని నాకూ తెలిసింది. ఏడాది పని మీద ఆశతో నేల చూస్తూ నిలబడ్డాను. రేకు గుర్తుపట్టే విద్య ఆయన నాకు నేర్పారు. గుర్తుపట్టినదాన్ని నలుగురిలో పైకి చెప్పే ధైర్యం నాకు పట్టుబడలేదు. ఆ మహానుభావుడి పాదాలకు సాష్టాంగ ప్రణామం. ఆయన నిలిచిన చోట నిలవగలవాడు మా బస్తీలో నాకు కనిపించడం లేదు.